అట్టపెట్టెలో అక్షరం

మనిషికి కన్నులు రెండు. అవి రెండు చోట్ల ఉన్నవి గనుక అవి చూచే దృశ్యాలు కూడ రెండే. ముక్కుకు ఎదురుగా వేలు నిలిపి, ఒకసారి కుడికన్ను, మరొకసారి ఎడమకన్ను మూసి చూచినట్లయితే వేలు అటూ ఇటూ గెంతుతుంది. చిన్ననాడు మనమందరమూ ఆడుకొన్న ఆటే ఇది. రెండు కన్నులూ తెరచి వేలి మీదనే చూపు నిలిపితే మాత్రం వేలు ఒక్కటే. అదీ గుండ్రంగా, వెనుక గోడకు ఎడంగా, చేతికి అందేటట్లు కనిపిస్తుంది. రెండు చదునైన చిత్రాల నుండి ఈ లోతు ఎలా పుట్టినది?

మన కళాశాలలో కంప్యూటరు సైన్సు చదివే ముగ్గురు విద్యార్థులు ఒక పని మీద తెలుగు శాఖకు వచ్చినప్పుడు నేను మొట్టమొదట ఆలోచించవలసి వచ్చినది ఈ ప్రశ్నను గురించే. ముగ్గురిలో ఒకరిది రేపల్లె, ఒకరిది బాపట్ల, మూడవ వారిది తెనాలి. రేపల్లె అబ్బాయి రోజూ రైలులో భట్టిప్రోలు దాటి వస్తాడు. ఆ భట్టిప్రోలు స్తూపాన్ని వర్చువల్ రియాలిటీ దృశ్యంగా, అంటే తలకు తొడుగుకొనే పరికరంలో గాని, ఫోను అమర్చిన అట్టపెట్టెలో గాని చూచినప్పుడు మనం అక్కడే నిలబడినట్లు తోచే దృశ్యంగా, నిర్మించాలని వారి సంకల్పం. దానిని ఫోనులోని మామూలు బ్రౌజరులోనే చూపాలన్నది వారి పట్టుదల. స్తూపం దగ్గర నిలిపే ఫలకాల మీద నాలుగు మాటలు తెలుగులో వ్రాసి ఇమ్మని వారు నన్ను అడిగారు. పది నిమిషాల పని అనుకొన్నాము అందరమూ. ఆ పది నిమిషాలు నెలన్నర అయిన వైనమే ఈ వ్యాసం.

రెండు కన్నుల ప్రశ్నను పరీక్షకు పెట్టిన ప్రాచీనులలో ముందుగా స్మరించదగినవాడు ఇబ్నుల్ హైసమ్. పదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో బస్రాలో పుట్టి, కైరోలో జీవితం గడిపిన ఈ మహనీయుని పేరు మన ఉర్దూ విద్యార్థులు విని ఉంటారు. పదకొండవ శతాబ్దపు తొలి దశకాలలో ఆయన రచించిన ‘కితాబుల్ మనాజిర్’ దృష్టిశాస్త్రానికి పునాది వంటిది. కంటి నుండి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని యూక్లిడ్, టాలెమీ మొదలైనవారు నమ్మగా, వస్తువు నుండి వచ్చే వెలుగే కంటిలో ప్రవేశిస్తుందని ఈయన వాదించాడు. అంతవరకు చాలామందికి తెలిసినదే. నన్ను ఆశ్చర్యపరచినది ఆ గ్రంథపు మూడవ భాగంలోని ఒక చిన్న బల్ల. మూర పొడవు, నాలుగు అంగుళాలు, అనగా నాలుగు వేళ్ల, వెడల్పు గల నున్నని చెక్క తీసుకొని, ఒక చివర ముక్కు ఇమిడేటట్లు గంటు కోసి, దాని మీద రంగు రంగుల గీతలు గీసి, మైనంతో చేసిన చిన్న స్తంభాలను నిలబెట్టమన్నాడు. ఆ బల్లను ముక్కుకు ఆనించి చూస్తే ఏ స్తంభం ఒకటిగా కనిపిస్తుందో, ఏది రెండుగా చీలుతుందో ఎవరికి వారు తెలుసుకోవచ్చును. ముక్కు కోసం గంటు ఉన్న చెక్కను ముఖానికి ఆనించుకొని లోకాన్ని కొలవడం! మా విద్యార్థులు అట్టను కత్తిరించి ముక్కుకు చోటు వదలుతున్నప్పుడు నాకు ఆ బల్లే కళ్లకు కట్టినది.

తరువాతి కథను వేగంగా చెబుతాను. 1838లో లండనులో చార్లెస్ వీట్‌స్టన్ అద్దాల సాయంతో కుడికంటికి ఒక బొమ్మను, ఎడమకంటికి మరొక బొమ్మను చూపి, రెండూ కలసి లోతు గల ఒక్క బొమ్మ కావడం నిరూపించాడు. 1849లో డేవిడ్ బ్రూస్టర్ కటకాలు అమర్చిన చిన్న పెట్టెను రూపొందించాడు. 1968లో అమెరికాలో ఐవన్ సదర్లాండ్ తలకు తగిలించుకొనే తెరను తయారుచేశాడు. తల తిప్పిన కొద్దీ కంప్యూటరు గీసే బొమ్మ కూడ తిరిగినది. ఆ యంత్రం ఎంత బరువంటే దానిని పైకప్పు నుండి వేలాడదీయవలసి వచ్చినది. 2014 జూన్‌లో గూగుల్ సంస్థ అట్టముక్కను మడచి, రెండు కుంభాకార కటకాలు పెట్టి, మధ్య ఫోను దూర్చే ‘కార్డ్‌బోర్డ్’ను చూపినది. ఆ అట్టను ఎలా కత్తిరించాలో కొలతల పటాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చారు. 25 మిల్లీమీటర్ల వ్యాసం, 45 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న కటకాలు రెండు చాలు. ఆ సంస్థ 2021లో పెట్టెల అమ్మకం మానివేసినది గాని, అట్టకు, కత్తెరకు ఎవరి అనుమతీ అక్కరలేదు కదా.

పెట్టె కంటె పెద్ద సంగతి బ్రౌజరు. ఇది నా అభిప్రాయం. మన కంప్యూటరు శాఖ వారు అంగీకరించకపోవచ్చును. వర్చువల్ రియాలిటీ దృశ్యాన్ని ఒక్కొక్క పరికరానికీ ఒక్కొక్క కార్యక్రమంగా వ్రాస్తే, ఆ పరికరం కొన్నవారికే అది దక్కుతుంది. దానిని అమ్మే అంగడి యజమాని దయ కూడ కావాలి. బ్రౌజరులో వ్రాస్తే కావలసినది ఒక చిరునామా మాత్రమే. రేపల్లెలో అట్టపెట్టె ఉన్నవాడికీ, విదేశంలో ఖరీదైన హెడ్‌సెట్ ఉన్నవాడికీ అదే చిరునామా, అదే దృశ్యం. బ్రౌజరులో త్రిపరిమాణ చిత్రాలు గీయడానికి ‘వెబ్‌జీఎల్’ అనే ప్రమాణం 2011లో వెలువడినది. దానికి బీజం వేసిన మోజిల్లా ఇంజనీరు వ్లాదిమిర్ వుకిచెవిచ్ 2014లో హెడ్‌సెట్‌తో మాట్లాడగల ‘వెబ్‌వీఆర్’ను ప్రతిపాదించాడు. తరువాత దాని స్థానంలో ‘వెబ్‌ఎక్స్‌ఆర్’ వచ్చినది; 2019 డిసెంబరులో క్రోమ్ బ్రౌజరు 79వ కూర్పుతో అది జనసామాన్యం చేతికి అందినది. ఫోనులో ఆ సదుపాయం లేకపోతే దానికి బదులుగా నిలిచే ‘పాలీఫిల్’ అనే పూరకం కూడ ఉన్నది. మా వాళ్లు 2015లో మోజిల్లా బృందం విడుదల చేసిన ‘ఎ-ఫ్రేమ్’ అనే పనిముట్టుతో దృశ్యాన్ని కట్టారు.

లోపల జరిగే పని ఏమిటో విద్యార్థులు నాకు ఓపికగా బోధించారు. గురుశిష్య సంబంధం కొన్నాళ్లు తారుమారైనదనే చెప్పాలి. పేజీ తనంత తాను మన కన్నులను ఆక్రమించరాదు. చూచేవాడు మీట నొక్కి అనుమతి ఇచ్చిన తరువాతనే ప్రవేశం. ఇజాజత్ లేనిదే ఇంట అడుగు పెట్టరాదన్న మర్యాదను యంత్రానికి కూడ నేర్పినందుకు నేను సంతోషించాను. ఆ మీదట పరికరం ప్రతి క్షణమూ తల ఎక్కడ ఉన్నదో, ఎటు తిరిగినదో చెబుతుంది. ఒక్కొక్క కంటికి వేరు వేరుగా రెండు మాత్రికలను ఇస్తుంది. ఇంటర్మీడియట్ గణితంలో మనం చదివిన మాత్రికలే. నాలుగు వరుసలు, నాలుగు నిలువులు, పదహారు సంఖ్యలు. ఒకటి కన్ను ఉన్న చోటును, రెండవది కన్ను చూడగల మేరను చెబుతుంది. దాని ప్రకారం ఎడమకంటికి ఒకసారి, కుడికంటికి ఒకసారి దృశ్యాన్ని గీయాలి. ఇదంతా సెకనుకు 72 సార్లో, 90 సార్లో జరగాలి. 90 సార్లయితే ఒక్కొక్క జతకు దక్కే వ్యవధి 11 మిల్లీసెకన్లు. ఆలస్యమైతే తల ముందు తిరుగుతుంది, లోకం వెనుక తిరుగుతుంది. కడుపులో వికారం పుడుతుంది. బాపట్ల అమ్మాయి మొదటిసారి చూచి పది నిమిషాలు బెంచీ మీద తల వాల్చి కూర్చున్నది. స్తూపపు ఛాయాచిత్రం 8192 చుక్కల వెడల్పుతో ఉన్నందువలన ఫోను మోయలేకపోయినదని తేలినది. దానిని 4096కు తగ్గించిన తరువాత ఆ బాధ తప్పినది. కటకాలు బొమ్మ అంచులను లోపలికి ఒంపుతాయి గనుక, ముందుగానే బొమ్మను పీపా పొట్టవలె వెలుపలికి ఉబ్బించి గీస్తారు; ఆ వంకర ఈ వంకరను కొట్టివేస్తుంది.

తెనాలి అబ్బాయి ఫోనులో మాత్రం తల తిప్పినా లోకం కదలలేదు. విచారించగా ఆ ఫోనులో జైరోస్కోపు లేదు. చవక ఫోనులలో అది లేకపోవడం కద్దట. చిరునామా అందరిదీ అన్నమాట నిజమే గాని, ఫోను ధరలోని ఈ తేడా దాని వెనుకనే పొంచి ఉన్నదని అప్పుడు తెలిసినది. ఆ అబ్బాయి మిగిలిన ఇద్దరి ఫోనులతోనే పని నేర్చుకొన్నాడు; ముగ్గురిలో ప్రోగ్రామింగు బాగా వచ్చినది అతనికే.

ఇక స్తూపం సంగతి. ఒకప్పుడు ఎంతో ఉన్నతంగా ఉండిన ఆ కట్టడపు ఇటుకలను, రాళ్లను పందొమ్మిదవ శతాబ్దంలో రోడ్డు పనులకు, కాలువ పనులకు తరలించారు. 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వకాలు జరిపి ధాతువులు ఉన్న రాతిపేటికలను వెలికి తీశాడు. వాటి మీద బ్రాహ్మీలిపిలో ప్రాకృత శాసనాలు ఉన్నవి. వాటిని పరిష్కరించి చదివినవాడు జర్మను పండితుడు బ్యూలర్. కుబేరకుడనే రాజు పేరు అందులో కనిపిస్తుంది. క్రీస్తుకు పూర్వం మూడు, రెండు శతాబ్దాల నాటివని పలువురి అభిప్రాయం. తెలుగు నేల మీద దొరికిన అత్యంత ప్రాచీనమైన వ్రాతలలో ఇవి చేరుతాయి. నేడు అక్కడ ఉన్నది ఇటుకల పీఠం, పచ్చిక, చుట్టూ ఊరు. పూర్వం స్తూపం ఇలా ఉండేదని ఊహించి, తెల్లని గోపురంతో కళ్లు చెదిరేటట్లు కట్టి చూపుదామని విద్యార్థులు ఉత్సాహపడ్డారు. నేను ఒప్పుకోలేదు. లేనిదానిని ఉన్నట్లు చూపడం ఈ పరికరానికి మరీ సులువు; అందుచేతనే అక్కడ జాగ్రత్త కావాలి. ఉన్న పీఠాన్ని, ఉన్నట్లుగా, చుట్టూ తీసిన ఛాయాచిత్రంతో చూపడానికి నిశ్చయించాము. ఆ ఛాయాచిత్రం రెండు కన్నులకూ ఒక్కటే గనుక దానికి లోతు ఉండదు. మన తెనాలి పద్యనాటకాలలో వెనుక కట్టే తెర వంటిది. దాని ముందు నిలబెట్టిన ఫలకాలు మాత్రం నిజంగా ముందుకు వచ్చి నిలుస్తాయి. నటులు ఫలకాలే అయినప్పుడు, వారి సంభాషణ అక్షరాలే కదా!

ఆ అక్షరాలే విరిగిపోయినవి.

నేను వ్రాసి ఇచ్చిన తెలుగు వాక్యాలు బ్రౌజరు పేజీ మీద చక్కగా కనిపించినవి. అట్టపెట్టెలోకి ప్రవేశించగానే ఫలకం మీద కొన్ని చోట్ల ఖాళీ డబ్బాలు. మరొక ఫాంటుతో ప్రయత్నిస్తే వత్తులు ఊడి, గుణింతాలు జారి, హల్లుల ప్రక్కన పొల్లులు నిలబడి ఉన్నవి. ‘స్తూపం’ అన్న మాట ‘స’కార, ‘త’కారాలుగా విడిపోయి, పేరుకు తగినట్లే శిథిలమై కనిపించినది. కారణం ఆలోచిస్తే న్యాయంగానే తోస్తుంది. వర్చువల్ రియాలిటీలోకి ప్రవేశించిన మీదట మామూలు పేజీ అంతా గడప బయటనే ఉండిపోతుంది. లోపల ప్రతి వస్తువునూ త్రిభుజాలుగా, రంగులుగా మనమే గీయాలి, అక్షరాన్ని కూడ. అందుకోసం ఆ పనిముట్లు ముందుగా ఒక పటం మీద అక్షరాల బొమ్మలన్నీ అచ్చు వేసి ఉంచుకొని, ఒక సంకేత సంఖ్యకు ఒక బొమ్మ చొప్పున ఎడమ నుండి కుడికి పేర్చుకొంటూ పోతాయి. ఇంగ్లీషుకు అది చాలును. తెలుగుకు చాలదు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, వెరసి ఆరు సంకేతాలు ఉన్నవి. ఆరూ కలసి ఒక్క రూపం కావాలి. ఒకటి క్రిందికి దిగాలి, ఒకటి ప్రక్కకు ఒదగాలి, ఒకటి నెత్తిన ఎక్కాలి. ఈ పొందిక తెలిసిన వేరే యంత్రం కావాలి. అది బ్రౌజరులో ఉన్నది, దృశ్యంలో లేదు.

వారం రోజులు ప్రయత్నించిన తరువాత రేపల్లె అబ్బాయి నా గదికి వచ్చి, “ఇంగ్లీషులో పెట్టేద్దాం సార్. ఎవరూ ఏమీ అనరు. మార్కులు కూడ తగ్గవు” అన్నాడు. అతని మాటలో దోషం లేదు. నిజంగానే ఎవరూ ఏమీ అనరు. ఆ మాటే నన్ను బాధించినది. తెలుగు ఒక చోటి నుండి తప్పుకొన్నప్పుడల్లా ఎవరో నిషేధించడం వలన కాదు, ఎవరూ ఏమీ అనకపోవడం వలననే తప్పుకొన్నది. తెలుగు లిపి తొలి జాడలు దొరికిన భట్టిప్రోలు దృశ్యంలోనే తెలుగక్షరం నిలువలేకపోతే ఇక ఎక్కడ నిలుస్తుంది? “మీ అమ్మగారు ఏ భాషలో చదువుతారయ్యా?” అని అడిగాను. “తెలుగే సార్” అన్నాడు. “ఆమెకు చూపించవా?” అతడు కొంచెంసేపు మాట్లాడలేదు. “ఇంకో వారం చూస్తాను సార్” అని వెళ్లాడు.

ఉపాయం చివరకు తెనాలి అబ్బాయికి తట్టినది. గడప బయట ఉన్న బ్రౌజరుకు తెలుగు వచ్చును కదా. కనిపించని ఒక పలక మీద వాక్యాన్ని దానిచేతనే వ్రాయించి, ఆ పలకను బొమ్మగా లోపలికి మోసుకొనిపోయి ఫలకానికి అంటించడం. ఆ పలకను ‘కాన్వాస్’ అంటారు. తెలిసినవారికి ఇది పాత ఉపాయమే. మాకు మాత్రం పండుగ. ఇందులో లోపాలు లేకపోలేదు. బొమ్మ బొమ్మే గనుక మరీ దగ్గరకు పోతే అక్షరాల అంచులు మసకబారుతాయి. చూపు లేనివారికి చదివి వినిపించే యంత్రాలకు అది అక్షరమని తెలియదు. అయినా వత్తులు వాటి చోట ఉన్నవి. ఫాంట్లలో సిలికానాంధ్ర సంస్థ పూనికతో వెలువడి అందరికీ ఉచితంగా దొరికే వాటిని పరిశీలించాము. అందులో ‘తెనాలి రామకృష్ణ’ పేరుతో ఒకటి ఉండడం చూచి విద్యార్థులు ఇక వేరొక దానిని చూడనివ్వలేదు.

ఇక్కడ ఒక ముచ్చట. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలోనూ, ఆండ్రాయిడ్ ఫోనులలోనూ అక్షరాలను పొందికగా కూర్చే యంత్రం పేరు ‘హర్ఫ్‌బాజ్’. ఇరాన్ దేశీయుడైన బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ దానికి ప్రధాన నిర్మాత. ‘ఓపెన్‌టైప్’ అన్న ఇంగ్లీషు పేరుకు ఫారసీ చేసి పెట్టినది అది: హర్ఫ్ అనగా అక్షరం, బాజ్ అనగా తెరచినది. ఈ సంగతి చెప్పగానే మన ఉర్దూ శాఖ పెద్దలు నవ్వి, “అయితే మీ తెలుగు వత్తులను అక్కడ నిలబెట్టింది మా హర్ఫే అన్నమాట” అన్నారు. ఆ మాట కాదనడానికి వీలులేకపోయినది.

తెలుగక్షరాన్ని తేలికగా తీసుకొంటే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూచినది. ‘జ్ఞా’ అన్న ఒక్క అక్షరం సందేశంలో వస్తే చాలు, 11.2.5 కూర్పు నడుస్తున్న ఐఫోనులలో ఆ సందేశం తెరవబోయిన కార్యక్రమం కుప్పకూలినది. కొద్ది రోజులలోనే 11.2.6 కూర్పు తెచ్చి సరిదిద్దవలసి వచ్చినది. జ్ఞానానికి మొదటి అక్షరమే ఆ పని చేసినదని అప్పుడు తరగతిలో నవ్వుకొన్నాము.

భట్టిప్రోలు లిపికి తనదైన ఒక విశేషం ఉన్నది. ఇతర చోట్ల బ్రాహ్మీలిపిలో హల్లు వ్రాస్తే అందులో ‘అ’కారం దానంతట అదే ఇమిడి ఉంటుంది. భట్టిప్రోలు పేటికల మీద ఆ ‘అ’కారానికి కూడ ఒక గీత వ్రాసినారు. ఆ గీత ఇతర చోట్ల దీర్ఘానికి గుర్తు. కాబట్టి ఇక్కడ దీర్ఘానికి వేరొక గుర్తు కల్పించుకోవలసి వచ్చినది. మన తలకట్టును చూచినప్పుడల్లా నాకు ఇది జ్ఞాపకం వస్తుంది. రెంటికీ వంశసంబంధం ఉన్నదని అనడం లేదు. 2010లో ప్రపంచలిపుల సంకేత పట్టికయైన యూనికోడ్ ఆరవ కూర్పులో బ్రాహ్మీలిపిని చేర్చినప్పుడు, ఆ దీర్ఘపు గుర్తుకు 11039 అన్న సంకేతం ఇచ్చి, దాని పేరులోనే ‘భట్టిప్రోలు’ అని వ్రాశారు. రైలు కిటికీ నుండి తాను రోజూ చూచే స్టేషను పేరు ప్రపంచపు అక్షరాల జాబితాలో ఉన్నదని తెలిసినప్పుడు రేపల్లె అబ్బాయి ముఖం చూడవలసినది. ఆ పేరు చూపమని రెండుసార్లు అడిగాడు. రెండవ ఫలకం మీద ఆ గుర్తునే పెద్దదిగా గీసి, క్రింద తెలుగులో వివరణ వ్రాశాము.

మూడవ ఫలకం ఉర్దూ. దాని కష్టాలు వేరు. ఉర్దూ అక్షరం మాట మొదట ఒక రూపం, నడుమ ఒక రూపం, చివర ఒక రూపం ధరిస్తుంది. కుడి నుండి ఎడమకు నడుస్తుంది. నస్తాలీఖ్ శైలిలోనైతే మాట మొత్తం పై నుండి ఏటవాలుగా క్రిందికి జారుతుంది. పాత పద్ధతిలో పేర్చినప్పుడు అక్షరాలు విడివిడిగా, తలక్రిందులైన వరుసలో నిలిచినవి. కాన్వాస్ ఉపాయంతో అవి కలిసినవి గాని, ఇంగ్లీషు అక్షరాల ఎత్తును బట్టి పలకను కొలిచినందున మాటల తలలు తెగిపోయినవి. పలక ఎత్తు రెట్టింపు చేసిన తరువాత సరిపోయినది. ఉర్దూ శాఖ పెద్దలు అట్టపెట్టెను కళ్లకు ఆనించుకొని, ఒక చోట చుక్క అక్షరానికి దూరంగా ఉన్నదని తప్పు పట్టారు. కాతిబులు కలంతో దిద్దిన లిపిని చూచిన కళ్లు అవి.

ఇంతవరకు చూచినది అట్టపెట్టెలోనే. బాపట్ల అమ్మాయి అన్నగారు అక్కడ ఒక ఇంజనీరింగు కళాశాలలో చదువుతున్నాడు. ఆ కళాశాలలో అసలు హెడ్‌సెట్ ఉన్నది. ఒక శనివారం నలుగురమూ బాపట్ల వెళ్లాము. మొదటి ఆంధ్ర మహాసభ 1913లో జరిగిన ఊరది. హెడ్‌సెట్‌లోని బ్రౌజరులో మా చిరునామా కొట్టగానే, ఒక్క అక్షరం మార్చకుండ, అదే భట్టిప్రోలు ప్రత్యక్షమైనది. అట్టపెట్టెలో తల తిప్పితేనే లోకం తిరుగుతుంది. ఇందులో ముందుకు వంగితే ఫలకం కూడ దగ్గరకు వస్తుంది. నేను వంగి ‘స్తూపం’ అన్న మాటలోని తవత్తును చూచాను. నా చేతివ్రాతను ఇన్నేళ్లుగా నల్లబల్ల మీద చూచుకొంటున్నాను గాని, వత్తు క్రిందుగా తొంగి చూడడం అదే మొదలు. అంచు మసకగానే ఉన్నది.

కళాశాల ప్రదర్శన నాడు వరుస కట్టి చూచినవారిలో ఇద్దరిని చెప్పాలి. మన అటెండరు పెద్దాయనకు ఒక కంటి చూపు లేదు. ఆయన చూచి, “ఫొటో బాగుంది సార్” అన్నాడు. ఫలకాలు ముందుకు వచ్చి నిలిచినట్లు ఆయనకు తోచలేదు. అట్టపెట్టె లోతును రెండు కన్నుల తేడాతోనే చూపగలదు. వంగి చూచే వీలున్న హెడ్‌సెట్ అయితే ఒక కంటికి కూడ కొంత లోతు తెలిసేది. రేపల్లె అబ్బాయి తల్లిగారు పెట్టెను రెండు చేతులతో పట్టుకొని, తల నెమ్మదిగా త్రిప్పుతూ, ఫలకం మీది వాక్యాన్ని ఒక్కొక్క మాటా కూడబలుక్కొని పైకి చదివినది. పిల్లలు నవ్వబోయి ఊరుకొన్నారు. చదవడం పూర్తి అయిన తరువాత, “మన బట్టిప్రోలేనా ఇది?” అని అడిగినది.

తెనాలి ఐతానగరంలో పుట్టిన చక్రపాణి గారు, నాగిరెడ్డి గారితో కలసి తీసిన ‘మాయాబజార్’లో, 1957లోనే, ప్రియదర్శిని అనే పెట్టె ఉన్నది, తెరచినవారికి వారి ప్రియమైనది కనిపిస్తుంది. మన పెట్టెకు అంత మహిమ లేదు. అయినా ఒక పోలిక నన్ను కలవరపెట్టినది: లోపల ఉన్నది చూచేవాడికి ఒక్కడికే కనిపిస్తుంది. నాటకం చూచినప్పుడు, సినిమా చూచినప్పుడు ప్రక్కవాడి నవ్వు మనకు వినిపిస్తుంది. ఆ తల్లి పైకి చదవకపోయినట్లయితే ఆమె ఏమి చూస్తున్నదో మాకెవరికీ తెలిసేది కాదు. అందుచేత పెట్టెలోని దృశ్యాన్నే ప్రక్కన గోడ మీద కూడ చూపే ఏర్పాటు వచ్చే ప్రదర్శనకు చేయాలని విద్యార్థులకు చెప్పాను.

కళాశాల కమిటీ పెద్దలు ఒకరు, ఇందుకోసం ఖరీదైన పరికరాలు కొనవలసి వస్తుందా అని అడిగారు. అక్కరలేదు. జైరోస్కోపు ఉన్న పాత ఫోనులు రెండు, కటకాలు, అట్టలు గ్రంథాలయంలో ఒక బల్ల మీద ఉంటే చాలును. ఆ ఫోనులు లేకపోతే మాత్రం తెనాలి అబ్బాయి వంటివారు ఇతరుల చేతి వైపు చూస్తూ ఉండవలసి వస్తుంది. కంప్యూటరు విద్యార్థి ఇటువంటి పని తలపెట్టినప్పుడు తెలుగు, ఉర్దూ శాఖల వారిని మొదటి రోజునే కూర్చోబెట్టాలని కూడ విన్నవించుకొన్నాను. విరిగిన వత్తు చూడగానే కలుక్కుమనే కన్ను ఆ గదిలో ఒకటి ఉండాలి.

నాలుగవ ఫలకం ఇంకా పూర్తి కాలేదు. భట్టిప్రోలు పేటికలు మద్రాసు ప్రభుత్వ మ్యూజియమునకు, అనగా నేటి చెన్నై ఎగ్మూరుకు చేరినవి. వేసవి సెలవులలో అక్కడికి వెళ్లి, అన్ని వైపుల నుండి ఛాయాచిత్రాలు తీసుకోవడానికి అనుమతి కోరుతూ ఉత్తరం వ్రాశాము. తెలుగు చిత్తు నేను వ్రాయగా, ఇంగ్లీషులోకి బాపట్ల అమ్మాయి మార్చినది. అంతవరకు దృశ్యంలో పేటిక ఉండవలసిన చోట ఖాళీ దిమ్మె ఒకటి ఉన్నది. దాని ముందు తెలుగులోనూ, ఉర్దూలోనూ ‘పేటిక చెన్నైలో ఉన్నది’ అని మాత్రం వ్రాసి ఉంచాము.